మందు వేసే చేతిలో ఉన్నదేమిటి?

గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఆమె పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. తొమ్మిదేళ్ళుగా ఆ వృత్తిలో ఉన్నారు. ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది: "వార్డుకు వచ్చే పిల్లలలో చాలామందికి యాంటీబయాటిక్ సూది వేస్తాము. అది ప్రాణాలు నిలబెట్టడం కళ్ళారా చూస్తున్నాను. అవే మందులు పసిపిల్లల రోగనిరోధక శక్తికి చేటు చేస్తాయని కూడా చదువుతున్నాను. మందు వ్రాసేది డాక్టరుగారు, తెచ్చేది తల్లిదండ్రులు, వేసేది నేను. ఒకే చేత్తో మేలూ కీడూ చేస్తున్నానేమోనని కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. ఇందులో నా బాధ్యత ఎంత? అసలు నా చేతిలో ఏమున్నది?"

ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. నేను వైద్యుణ్ణి కాను, మదర్సాలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అందుచేత ఉత్తరం పట్టుకొని మా పట్టణంలోని ఒక పిల్లల వైద్యుని వద్దకు, ఆ తరువాత ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి ఇంటి పట్టున ఉంటున్న ఒక పెద్దావిడ వద్దకు వెళ్ళాను. ఇద్దరూ ఓపికగా చెప్పారు. క్రింద వైద్యానికి సంబంధించి వ్రాసినదంతా వారి వద్ద నేర్చుకొని, పుస్తకాలలో సరిచూసుకున్నది. బాధ్యతను గురించి వ్రాసినది మాత్రం నాది. మధ్యలో నా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. అది నాకు గౌరవం తెచ్చిపెట్టేది కాదు.

సోదరీ, ముందుగా మీ భయాన్ని దాని హద్దులో ఉంచుదాం. యాంటీబయాటిక్ అనేది ఒంట్లోని శక్తిని పీల్చివేసే విషమేమీ కాదు. అది బాక్టీరియా అనే సూక్ష్మజీవులను చంపుతుంది, లేదా వాటి పెరుగుదలను ఆపుతుంది. చిక్కు ఎక్కడంటే, అది శత్రువునూ మిత్రుణ్ణీ వేరుచేసి చూడలేదు. బిడ్డ పేగులలో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. పుట్టిన గడియ నుండే అవి వచ్చి చేరుతాయి. బిడ్డ శరీరంలోని రక్షణ వ్యవస్థకు అవే తొలి గురువులు. దేనితో పోరాడాలో, దేనిని సహించాలో అది వాటి సాంగత్యంలోనే నేర్చుకుంటుంది. మొదటి రెండు మూడేళ్ళు ఈ చదువుకు ముఖ్యమైన కాలం. ఆ కాలంలో మాటిమాటికీ యాంటీబయాటిక్ పడితే, పొలంలో కలుపుతోపాటు పైరూ పోయినట్లు, ఆ మేలుచేసే జీవులు కూడా నశిస్తాయి. ఖాళీ అయిన చోట మందుకు లొంగని మొండి సూక్ష్మజీవులు పాతుకుపోతాయి. మందు వేసిన మూడో నాటికి పలచని విరేచనాలు, నాలుక మీద తెల్లని పూత, లంగోటా కట్టే చోట ఎర్రని దద్దుర్లు మీరు రోజూ చూసేవే. అవి ఆ లోపలి కలతకు పైకి కనిపించే గుర్తులు.

పైకి కనిపించనిది మరొకటి ఉన్నది. అమెరికాలోని రోచెస్టర్‌లో 560 మంది పసిపిల్లలను పరిశీలించి 2022లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, రెండేళ్ళ లోపు యాంటీబయాటిక్ వాడిన పిల్లలకు టీకాల వలన పుట్టే రక్షక పదార్థాలు రక్తంలో తక్కువగా ఉన్నట్లు తేలింది. కోర్సులు ఎన్ని ఎక్కువైతే తగ్గుదల అంత ఎక్కువగా కనిపించింది. ఆ రెండింటికీ సంబంధం ఉన్నదని మాత్రమే ఆ అధ్యయనం చెప్పింది, ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయలేదు. అయినా ఆలోచించదగిన సంగతే కదా.

ఇంత చెప్పిన తరువాత "అయితే యాంటీబయాటికే వద్దు" అనే తల్లిదండ్రులు కొందరుంటారు. వారికి మీరు గట్టిగా చెప్పవలసినదేమంటే, రక్తంలో విషజ్వరం పాకిన పసివాడికి ఆ మందు ఒక గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందులకు ముందరి కాలంలో న్యుమోనియా, మెదడువాపు సోకిన ఇంట చిన్న జనాజాలు ఎన్ని లేచేవో మా నాయనమ్మ లెక్కపెట్టి చెప్పేది. ఆ కాలాన్ని ముగించినవారిలో మన తెలుగువాడూ ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథ్యం వహిస్తున్న రోజులలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడి అయింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి మందు. ఇక 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అయితే 1945లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలో చేసిన ప్రసంగంలోనే ఒక హెచ్చరిక చేశాడు. మందు దుకాణంలో ఎవరైనా కొనుక్కునే రోజు వస్తే, తెలియనివాడు చాలీచాలని మోతాదు వేసుకొని సూక్ష్మజీవులను మందుకు అలవాటు పడేలా చేస్తాడని అతని భయం.

ఆ తెలియనివాడిని నేనే.

మూడేళ్ళ క్రిందటి మాట. నా మనవడికి అప్పుడు పది నెలలు. ఆరో నెల దాటినప్పటి నుండి మూడుసార్లు జలుబు చేసింది. మొదటిసారి డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాము. ఆ వ్రాసిచ్చిన సీసా అట్టపెట్టె దాచిపెట్టి, రెండోసారీ మూడోసారీ నేనే మందుల దుకాణానికి వెళ్ళి "ఇదే ఇవ్వు బాబూ" అని తెచ్చాను. అట్ట మీద ఎర్రని గీత ఉండేది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని, వాడకూడదని ఆ గీతకు అర్థం. అది నాకు అలంకారంలాగా కనిపించింది. రెండు మూడు రోజులకు జలుబు తగ్గగానే మిగిలిన మందును ఫ్రిజ్ తలుపులో పెట్టించేవాణ్ణి. జలుబు వైరస్ వలన వచ్చేది, దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు, అది తనంతట తానే తగ్గింది. ఆ పేరు మాత్రం సీసాకు దక్కింది. వైద్యం తెలియనివాడు వైద్యం చేస్తే కలిగే నష్టానికి అతడే బాధ్యుడన్నది మన ధర్మశాస్త్రంలో ప్రసిద్ధమైన సూత్రం. ఆ పాఠాన్ని నేను ఇరవై ఏళ్ళుగా బోధిస్తున్నాను. దుకాణం ముందు నిలబడినప్పుడు అది నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

నాలుగోసారి జ్వరం తీవ్రంగా వచ్చింది. ఫ్రిజ్‌లోని పాత సీసానే రెండు రోజులు పట్టించాము. విరేచనాలు మొదలయ్యాయి. పాలు తాగితే విరేచనాలు పెరుగుతాయని ఇంటి ఆడవాళ్ళు చెప్పడంతో కోడలు పాలు మాన్పించింది. మూడో రాత్రి బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాము.

రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు బిడ్డను ముందు త్రాసు మీద పడుకోబెట్టింది. బరువు చెప్పబోయిన మా కోడలితో, "నెల క్రిందటి బరువు కాదమ్మా, ఈ రాత్రి బరువు కావాలి" అన్నది. పిల్లలకు మందు మోతాదు కిలోల లెక్కన కడతారు. వాంతులూ విరేచనాలూ అయిన బిడ్డ బరువు తగ్గి ఉంటుంది. మోతాదు ఎక్కువైతే మూత్రపిండాలకు ప్రమాదం, తక్కువైతే ఫ్లెమింగ్ చెప్పిన ప్రమాదం. తరువాత నా వైపు తిరిగి, "ఇంతకు ముందు ఏ మందులు వాడారు?" అని అడిగింది. "ఏమీ లేదమ్మా, జ్వరం మందు మాత్రమే" అన్నాను. గడ్డం నెరిసినవాణ్ణి, నలుగురికి నీతులు చెప్పేవాణ్ణి, ఆ నడిరాత్రి ఒక నర్సు ముందు అబద్ధమాడాను.

ఆమె కేస్ షీటు మూసి, కాసేపాగి మళ్ళీ వచ్చింది. "తాతగారూ, తిట్టడానికి కాదు, రాసుకోవడానికి అడుగుతున్నా. ఫ్రిజ్‌లో సీసా ఏమైనా ఉందా?" అన్నది. అప్పుడు చెప్పేశాను. పేరు తెలియకపోతే ఇంటికి ఫోన్ చేయించి, సీసా ఫోటో తెప్పించి, పేరు, ఎన్ని రోజులు, ఆఖరి మోతాదు ఎప్పుడు అన్నవి వ్రాసుకొని డాక్టరుకు చూపింది.

సోదరీ, మీ చేతిలో ఏమున్నదని అడిగారు. మొదటిది ఇదే. నిజం చెప్పించే మాట మీ వద్ద ఉన్నది. డాక్టరు ముందు జనం బిగుసుకుపోతారు, నర్సుతో మాట్లాడతారు. అది కూడా నర్సు గొంతులో నింద లేనప్పుడే. ముందే మందు పడి ఉంటే రక్తపరీక్షలో సూక్ష్మజీవి మొలకెత్తకపోవచ్చు. డాక్టరు దానిని చూచి రోగం లేదనుకోవచ్చు, లేదా ఏ మందుకు లొంగుతుందో తెలియక మరింత పెద్ద మందుకు పోవచ్చు. పెన్సిలిన్ పడదన్న మాట కూడా ఇటువంటిదే. చిన్నప్పుడు ఎప్పుడో దద్దురు వచ్చిందని కేస్ షీటు మీద "పెన్సిలిన్ పడదు" అని వ్రాసేస్తారు. అలా వ్రాయించుకున్నవారిని పరీక్షించి చూస్తే పదింట తొమ్మిదిమందికి ఆ మందు పడుతుందని వైద్యులు చెబుతున్నారు. ఆ ఒక్క వాక్యం వలన బిడ్డకు జీవితమంతా అవసరానికి మించిన మందులే దక్కుతాయి. ఏమి జరిగింది, మందు వేసిన ఎంతసేపటికి జరిగింది, ఊపిరి ఆడకపోవడం, ముఖం వాచడం వంటివి ఉన్నాయా అని విడమరచి అడిగి వ్రాసి డాక్టరుకు అప్పగించండి. ఉన్నదో లేదో తేల్చవలసినది వారే, మీ సొంత నిర్ణయంతో ఆ మాటను కొట్టివేయకండి.

రెండవది బ్లడ్ కల్చర్. ఇది మా పెద్దావిడ గంటసేపు చెప్పిన విషయం. మొదటి మోతాదు పడకముందే రక్తం తీయాలి. చర్మాన్ని మందుతో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. తడి ఆరకముందే సూది గుచ్చితే చర్మం మీది సూక్ష్మజీవి సీసాలోకి చేరుతుంది. రెండు రోజుల తరువాత "సూక్ష్మజీవి ఉన్నది" అని ఫలితం వస్తుంది. దానిని నమ్మి లేని రోగానికి ఒక పసిబిడ్డ పది రోజులు మందు భరించవలసి వస్తుంది. "అర నిమిషం ఓపిక లేక పది రోజుల మందు" అని ఆమె తన క్రింద పనిచేసే పిల్లలకు చెప్పేవారట. అయితే బిడ్డ పరిస్థితి విషమంగా ఉండి రక్తనాళం దొరకకపోతే, కల్చర్ కోసం మందు ఆపకూడదు. అప్పుడు ప్రాణమే ముందు.

మందు మొదలైన తరువాత వేళ తప్పకపోవడం మీ పని. పెన్సిలిన్ జాతి మందులు రక్తంలో ఒక స్థాయికి పైన నిలిచి ఉంటేనే పనిచేస్తాయి. ఎనిమిది గంటల మోతాదు పదకొండు గంటలకు వేస్తే ఆ మధ్యలో సూక్ష్మజీవులకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. డ్యూటీ మారే వేళ పడవలసిన మోతాదు ఎవరి బాధ్యతా కాకుండా పోతుందని ఆ పెద్దావిడ అన్నారు. ఇల్లు మారేటప్పుడు పాలగిన్నె పోయినట్లు అన్నమాట.

ఇక తల్లిపాల విషయం. నా అభిప్రాయంలో నర్సు చేతిలో దీనికి మించిన మందు లేదు. మా కోడలు పాలు మాన్పించిందని వినగానే ఆ రాత్రి నర్సు మంచం ప్రక్కన తెర లాగి, బిడ్డను తల్లి ఒడిలో పెట్టించి, "మందు వేస్తున్నాం కాబట్టే పాలు ఇంకా కావాలి" అన్నది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు ఉంటాయి. బిడ్డకు అరగని ఆహారం తల్లి రొమ్ములో ఎందుకు తయారవుతుంది? పేగులలోని బైఫిడో అనే మేలుచేసే బాక్టీరియా కోసం. తల్లి తన బిడ్డతోపాటు ఆ బిడ్డ లోపలి అతిథులకు కూడా భోజనం పెడుతున్నది! సృష్టికర్త ఏర్పాటును చూచి తల వంచడం తప్ప నావంటివాడు చేయగలిగినదేమున్నది? అదిగాక, పేగు గోడలకు కాపలా కాసే రక్షక పదార్థాలు ముర్రుపాలలో మరీ మెండు. మందు దెబ్బకు చెదిరిన పైరు మళ్ళీ మొలవడానికి ఆ పాలే విత్తనమూ ఎరువూ. విరేచనాలు అవుతున్నాయని పాలు మాన్పించడం ఎంత తలక్రిందులు పని!

బిడ్డ చప్పరించలేని స్థితిలో ఉంటే పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పట్టించవచ్చు. గొట్టం ద్వారా ఇవ్వవలసి వచ్చినా ఆ పాలే ఇవ్వవచ్చు. పిండకపోతే పాలు ఎండిపోతాయి. రెండు మూడు గంటలకొకసారి ఆమెకు గుర్తుచేసేవారు వార్డులో మీరు తప్ప మరొకరు లేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తల్లి గుండెకు హత్తుకొని ఉంచే పద్ధతి కూడా మందులాగా పనిచేస్తుంది. మన దేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రులలో జరిపి 2021లో ప్రకటించిన పరిశీలనలో, తక్కువ బరువు బిడ్డలను పుట్టిన వెంటనే అలా ఉంచితే, స్థిమితపడిన తరువాత మొదలుపెట్టిన దానికంటే మరణాలు నాలుగవ వంతు తగ్గాయి. తల్లి చర్మం మీది సూక్ష్మజీవులు బిడ్డకు చేరడం అందులోని మేళ్ళలో ఒకటిగా వైద్యులు భావిస్తున్నారు. ఆసుపత్రి గోడల మీది సూక్ష్మజీవి కంటే తల్లి ఒంటి సూక్ష్మజీవి మేలు కదా.

ఇక్కడ మన కుటుంబాల వైపు నుండి మీకు ఎదురయ్యే రెండు చిక్కులను ప్రస్తావించాలి. ఒకటి రమజాను. బిడ్డ మంచం ప్రక్కన ఉపవాసంతో కూర్చున్న తల్లికి పాలు తగ్గుతుంటే, "ఉపవాసం మానండి" అనడానికి మీరు సంకోచిస్తారు. పాలిచ్చే తల్లి తనకో బిడ్డకో హాని కలుగుతుందనుకుంటే ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చు, ఇది అందరికీ తెలిసిన సడలింపే. మీ మాట వినకపోతే ఆ కుటుంబం నమ్మే ఆలిముతో ఫోనులో మాట్లాడించండి.

రెండవది దానంగా వచ్చిన పాలు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుండి తల్లిపాల బ్యాంకు ఉన్నది, ఇప్పుడు మరికొన్ని చోట్ల కూడా వచ్చాయి. మన ధర్మంలో పాలబంధుత్వం వివాహ సంబంధాలకు అడ్డుపడే విషయం గనుక మనవారు జంకుతారు. ఇందులో విద్వాంసుల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ పాలబ్యాంకులు వద్దన్నది. అంతకు ముందే డాక్టర్ యూసుఫ్ ఖర్జావీ వాటిని అనుమతించారు. నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నర్సు సోదరికి నేను చెప్పేది ఒక్కటే. కుటుంబానికి తెలియజేయకుండా ఆ పాలు పట్టకండి. తెలియజేసేటప్పుడు నడిరాత్రి దాకా ఆగక, బిడ్డ వార్డులో చేరిన పూటే చెప్పండి. వారికి విచారించుకొనే వ్యవధి దొరుకుతుంది. ఆ లోపల కన్నతల్లి పాలు రావడానికి చేయవలసినదంతా చేయండి.

పాలతోపాటు "మంచి బాక్టీరియా" పొడి పొట్లాల సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఒడిశాలో 4,556 మంది నవజాత శిశువులతో జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఒక ప్రత్యేకమైన బాక్టీరియాను దానికి ఆహారమైన చక్కెరతో కలిపి వారం రోజులు ఇవ్వగా, రక్తంలో విషజ్వరం, మరణం కలిపి చూస్తే 40 శాతం తగ్గాయి. గొప్ప ఫలితమే. కానీ వారు మంచి బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతులైన బిడ్డలు. దుకాణంలో దొరికే ప్రతి పొట్లమూ అది కాదు. నెలలు నిండని బిడ్డలలో అరుదుగానైనా ఆ బాక్టీరియాయే రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి బంధువులు తెచ్చి చేతిలో పెట్టారని పట్టించకండి, డాక్టరును అడగండి.

చేతులు కడుక్కోవడం గురించి మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ చెప్పినప్పటి నుండీ అందరికీ తెలిసినదే. ఒక్క మాట మాత్రం చేరుస్తాను. మందు వలన పేగులు ఖాళీ అయిన బిడ్డ కొత్త సూక్ష్మజీవికి తలుపు తెరచి ఉన్న ఇల్లు వంటిది. ప్రక్క మంచం బిడ్డ నుండి మొండి సూక్ష్మజీవిని మోసుకుపోయేది మన చేయే, నర్సుది గాని, చూడవచ్చిన మేనత్తది గాని. చేతి మీద గుచ్చి ఉంచిన సెలైన్ సూది కూడా మరొక తలుపు. నోటితో మందు మింగగలిగిన బిడ్డకు అది ఇంకా అవసరమా అని రోజూ అడగవలసినదే.

అడగడం అన్నాను. మీ ఉత్తరంలో చివర, "నా మాట ఎవరు వింటారు?" అని కూడా వ్రాశారు. మందు ఆపమనే అధికారం మీకు లేదు, ఉండాలని నేను అనడమూ లేదు. కానీ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. కల్చరులో మొలకెత్తే సూక్ష్మజీవులలో అత్యధికం 48 గంటలలోపే బయటపడతాయి. అంటే రెండో రోజు ముగిసేసరికి ఆ మందు కావాలా, ఆపవచ్చునా, చిన్న మందుకు మార్చవచ్చునా అని మళ్ళీ ఆలోచించే సమయం వస్తుంది. మందులను మూడు తరగతులుగా విడదీసి, మొదట వాడదగినవేవో, ఆచితూచి వాడవలసినవేవో, ఆఖరి గత్యంతరంగా దాచుకోవలసినవేవో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుండి జాబితా ప్రకటిస్తున్నది. అది గోడకు అంటించి ఉంటే ప్రశ్న అడగడం తేలిక. "డాక్టరుగారూ, మూడో నంబరు మంచం బిడ్డకు ఈ రాత్రికి 48 గంటలు అవుతాయి, కల్చరులో ఇంతవరకు ఏమీ రాలేదు, జ్వరం లేదు, పాలు తాగుతున్నాడు" అంటే చాలు. ఇది ఎదురు చెప్పడం కాదు, ఆయనకు కావలసిన సమాచారం వేళకు అందించడం. రౌండ్లలో ముప్పై మంది బిడ్డలను చూసే మనిషికి గంటల లెక్క గుర్తుండదు. కేస్ షీటు పట్టుకొని నిలబడినవారికే ఉంటుంది. మదీనా మస్జిదులో గుడారం వేసుకొని క్షతగాత్రులకు సేవచేసిన రుఫైదా (రజి) గారి వృత్తి మీది. ఆ వృత్తిలో ఉన్నవారు అడగడానికి సిగ్గుపడవలసినది లేదు. ఒకరిద్దరు డాక్టర్లు కసురుకోవచ్చు. అది కూడా నాకు ఆ పెద్దావిడ దాచకుండా చెప్పారు. తన ముప్పై ఏళ్ళలో కసిరినవారి కంటే, మరుసటి రోజు నుండి తామే వచ్చి "ఎన్ని గంటలైంది సిస్టర్?" అని అడిగినవారే ఎక్కువట.

మా మనవడి విషయంలో అదే జరిగింది. మూడో రోజు ఉదయం నర్సు లెక్క చెప్పింది. డాక్టరు కల్చర్ ఒక్కటే చూడలేదు. మేము ముందే మందు వేసి ఉన్నాము గనుక దానిని పూర్తిగా నమ్మలేమని నా ముఖం మీదే అన్నారు. ఊపిరి లెక్క, ఎక్స్-రే, జ్వరం అన్నీ కలిపి చూచి, ఇది వైరస్ వలన వచ్చిన జబ్బేనని నిర్ణయించి సూది మందు ఆపివేయించారు. పాలు, ఓ.ఆర్.ఎస్., పద్నాలుగు రోజులు జింకు అని వ్రాశారు.

ప్రక్క మంచం బిడ్డకు మాత్రం న్యుమోనియా. వారూ మనవారే. వారిని ఇంటికి పంపేటప్పుడు ఆ నర్సు మందు అప్పగించిన తీరు చూచి నేర్చుకున్నాను. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీరు గీత వరకు ఆమే పోసి, కలిపి చూపించింది. చెంచాతో కాకుండా సిరంజితో కొలవమని, ఎంతవరకు లాగాలో పెన్నుతో గీత గీసి ఇచ్చింది. "రోజుకు మూడుసార్లు" అని ఊరుకోక, "మీ ఇంట్లో నమాజులు ఎప్పుడెప్పుడు?" అని అడిగి, ఫజ్ర్ తరువాత ఒకటి, జుహ్ర్ తరువాత ఒకటి, ఇషా అయ్యాక పడుకోబెట్టే ముందు ఒకటి అని చెప్పింది. ఆమె ముస్లిం కాదు. ఎనిమిదేసి గంటల ఎడం దాదాపుగా సరిపోయింది, ఆ తల్లి మరచిపోయే అవకాశమూ లేకపోయింది. డాక్టరు చెప్పిన రోజులు ముగిశాక మిగిలినది దాచవద్దని, ప్రక్కింటి బిడ్డకు ఇవ్వవద్దని చెప్పేటప్పుడు ఎందుకో ఒకసారి నా వైపు చూచింది.

మేము వెళ్ళే రోజున టీకా కార్డు అడిగింది. తొమ్మిదో నెలలో వేయించవలసిన ఎం.ఆర్. టీకా, న్యుమోకోకల్ టీకా మూడో మోతాదు రెండూ వేయించలేదు. జలుబు ఉన్నదని ఒకసారి, మందు వాడుతున్నామని మరొకసారి వాయిదా వేశాము. మామూలు జలుబుకు గాని, యాంటీబయాటిక్ వాడుతున్నందుకు గాని ఈ టీకాలు ఆపనవసరం లేదని అప్పుడే తెలిసింది. పైగా న్యుమోనియానూ విరేచనాలనూ రానివ్వని టీకా ప్రతి ఒక్కటీ ఒక యాంటీబయాటిక్ సీసాను తప్పించినట్లే. విరేచనాల టీకా రోటావైరస్ చుక్కలు 2016లో ప్రభుత్వ పథకంలో మొదలైన నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. "బుధవారం సెంటరులో వేస్తారు, తాతగారు మరచిపోరు కదా" అన్నది మా కోడలితో, నాకు వినబడేలాగా.

ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపులోని సీసాలు తీయించాను. మూడు ఉన్నాయి. బుధవారం జుహ్ర్ తరువాత మనవణ్ణి భుజాన వేసుకొని టీకాల కేంద్రానికి నేనే తీసుకువెళ్ళాను.